ముందు దొరికిన ప్రోగ్రాం

"ఓగ్న్యన్, ఈరోజు రెండు రైళ్లు ఢీకొంటాయి. ఏవో తెలీదు. అన్నీ ఆపుదామంటే పైవాళ్లు ఒప్పుకోవట్లేదు," అన్నాడు కర్నల్ స్తామెనోవ్. "సోఫియా సిగ్నల్ కంప్యూటర్లో సరిహద్దు అవతలి ముఠా ఏదో పెట్టించింది. పెట్టింది మీ ఆవిడ."

ఓగ్న్యన్ కాఫీ చివరిదాకా తాగి కప్పు కింద పెట్టాడు. గూఢచారి వృత్తి అలాంటిది.

"తమ్ముడు ప్లామెన్‌ని చంపుతామని ఆమెను బెదిరించారు. అతని శవం నిన్న నదిలో దొరికింది. ఆమెకింకా తెలీదు." కర్నల్ శవం వేలినుంచి తీసిన వెండి ఉంగరం బల్లమీద పెట్టాడు.

ఓగ్న్యన్ ఎలక్ట్రీషియన్ వేషంలో సిగ్నల్ గదిలోకి వెళ్లాడు. కంప్యూటర్ ముందు అతని భార్య కలీనా, ఎర్రటి లిప్‌స్టిక్, మెడలో సిల్కు స్కార్ఫ్.

"వైరింగ్ చూడాలి మేడం."

"మీసం వంకరగా ఉంది," అంది తలెత్తకుండా, తెరమీద అతని నీడ చూసి.

"ఎక్కడ పెట్టావు కలీనా?"

"చెబితే ప్లామెన్‌ని బతకనివ్వరు."

అబద్ధాలాడి బతికిన మనిషికి ఆ ఒక్క నిజం నోట రాలేదు. ఉంగరం ఆమె అరచేతిలో పెట్టాడు.

అది తమ్ముడిదని గుర్తుపట్టింది. "ఇది చెప్పడానికి వచ్చావా, నా నోరు తెరిపించడానికి వచ్చావా?"

"రెండింటికీ."

ఆమె ఉంగరం వేలికి తొడుక్కుంది. "మీ సిగ్నల్ ప్రోగ్రాం పచ్చదీపం వేసే ముందు, పట్టాలు ఖాళీయో కాదో చూడమని ఇంకో ప్రోగ్రాంని పిలుస్తుంది. ఏ ఫోల్డర్లో ఉందో చెప్పకుండా వట్టి పేరు పెట్టి పిలుస్తుంది. ఫోల్డర్లు వరసగా వెతికి, ఆ పేరుతో ముందు ఏది దొరికితే దాన్నే నడిపిస్తుంది. ముందు దొరికేది నాది. అదెప్పుడూ ఖాళీ అనే చెబుతుంది."

"తీసేస్తే?"

"మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పిలిచే చోటే అసలు ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్ పూర్తి దారి రాయి. తొందరగా. వర్నా ఎక్స్‌ప్రెస్ సొరంగం దగ్గరికి వచ్చేసింది. ఎదురుగా పెట్రోలు ట్యాంకర్ల రైలు."

ఓగ్న్యన్ సి భాషలో రాసిన సిగ్నల్ ప్రోగ్రాం తెరిచాడు. పిలిచే ఆ ఒక్క వాక్యంలో అసలు ప్రోగ్రాం ఉండే ఫోల్డర్ పేరు మొదట్నుంచీ చివరిదాకా కొట్టి, కంపైల్ చేసి, మళ్లీ నడిపించాడు. ఈసారి అసలుది లేచింది. సొరంగం ఖాళీ లేదంది. తెరమీద ఎర్రదీపం వెలిగింది.

కొండ స్టేషన్ నుంచి ఫోన్ మోగింది. "ఆగాయి. రెండింటి మధ్యా ఒక పెట్టె పట్టేంత జాగా ఉంది."

తలుపు తోసుకుని జవాన్లు వచ్చారు. కలీనా చేతులు చాపింది. "సంకెళ్లు నువ్వే వెయ్యి. వాళ్లచేత వేయించకు."

సంకెళ్లు వేశాడు. ఆమె అతని భుజం మీద తల ఆన్చి ఏడ్చింది. నిమరడానికి అతని చెయ్యి లేచింది గానీ, తలుపు దగ్గర జవాన్లు చూస్తున్నారు.

తరవాతి వారం కర్నల్ ఫోన్ చేశాడు. "మెడల్ ఇస్తున్నారు. టై కట్టుకుని రా."

"టై కట్టుకోవడం రాదు సార్," అన్నాడు ఓగ్న్యన్. "ఇన్నాళ్లూ ఆవిడే కట్టేది."