ఇద్దరికి చాలని గాలి

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "ఫోన్లో మాట్లాడతాను" అంటాను. నవ్వుతారు. నిజానికి నా పని అంతే. షుగరు, గుండెజబ్బు, ఆయాసం లాంటి వదలని రోగాలున్న వాళ్లకి వీడియో కాల్ చేసి, మందు వేసుకున్నారా, నాలుగడుగులు నడిచారా, నిద్ర పట్టిందా అని కనుక్కోవడం. మందు రాసేది డాక్టరు. ఆ మందు మనిషి గొంతు దిగేదాకా, ఆ మనిషి మంచం దిగేదాకా వెంటపడేది నేను.

అంతకుముందు ఆస్పత్రిలో నర్సుగా చేశాను. నడుము పట్టేసి నిలబడలేని స్థితి వచ్చాక ఇంటి నుంచే ఈ పనికి కుదిరాను. మా పడగ్గది పక్కన సామాన్లు పడేసుకునే చిన్న గది ఉంది. కిటికీ లేదు. బయటి చప్పుళ్లు రావని దాన్నే ఆఫీసు చేసుకున్నాను. ఒక బల్ల, ఒక కుర్చీ, చెవులకి హెడ్‌ఫోన్లు. నేను తలుపు వేసుకుంటే మా ఆయన "దూరావా గూట్లోకి" అనేవాడు.

నేను చూసే వాళ్లందరిలో నాకు ఇష్టమైన మనిషి టైలరమ్మ. వయసంతా కుట్టుమిషను ముందు కూర్చుని, నూలు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. నోరు మాత్రం భేషుగ్గా ఉంది. మొదటి కాల్‌లోనే నన్ను ఎగాదిగా చూసి, "అమ్మాయ్, నీ కుడిభుజం దిగింది. నీకు జాకెట్టు కుట్టేవాడు అయిపోయాడే" అంది.

ఆమెకి నా అన్నవాడు తమ్ముడొక్కడే. మెకానిక్కు. ఇంటికి ఎదురుగానే షెడ్డు. ఇద్దరూ మేడ మీద ఉండేవాళ్లు. మెట్లెక్కితే ఆమెకి ఆయాసం వస్తోందని, అదే ఇంట్లో కింద వెనకవైపు ఖాళీగా ఉన్న గది అతను అద్దెకి తీసుకుని అక్కని అందులోకి మార్చాడు. నేనూ మంచిదే అన్నాను.

అప్పటిదాకా ఆమె బాగా కోలుకుంటోంది. నేను నేర్పిన ఊపిరి పద్ధతి శ్రద్ధగా చేసేది. ముక్కుతో మెల్లగా పీల్చాలి. పెదాలు సున్నాలా చుట్టి, ఎదురుగా కొవ్వొత్తి ఉన్నట్టు, మంట ఊగాలే గానీ ఆరకూడదన్నంత నెమ్మదిగా వదలాలి. నేను స్పీకర్లోంచి చెబుతుంటే ఆమె చేసేది.

కొత్త గదిలోకి వెళ్లాక మొదటిసారి ఫోన్ చేసినప్పుడు, "గది ఎలా ఉంది పెద్దమ్మా?" అన్నాను.

"బాగానే ఉంది. గాలే ఇద్దరికి చాలడం లేదు."

"తమ్ముడు కూడా కిందే పడుకుంటున్నాడా?"

"వాడెందుకు పడుకుంటాడు? వాడు పైనే."

ఇంకేదో అడగబోతే మాట మార్చేసింది. ఒంట్లో ప్రాణవాయువు తగ్గితే మనసు కాస్త తికమకపడుతుంది. అలాంటిదే అనుకుని డాక్టరుకి చెప్పాను. ఆయన మందు మార్చాడు. ఆమె మాత్రం చూస్తుండగానే నీరసపడిపోయింది. కాల్ చేసిన ప్రతిసారీ గొంతు ఇంకాస్త లోపలికి పోయేది.

ఒక సాయంత్రం బాగా మబ్బు పట్టింది. కాల్ కలిసేసరికి టైలరమ్మ మంచం అంచున ముందుకి వంగి, మోకాళ్ల మీద చేతులూని కూర్చుంది. వేలికి తగిలించుకున్న ఆక్సిజన్ మీటరు చూపించమన్నాను. అంకె బాగా పడిపోయి ఉంది.

"పెద్దమ్మా..."

"మెల్లగా," అంది గుసగుసగా. "ఇప్పుడే కాస్త సద్దుమణిగింది."

"ఏమిటి సద్దుమణిగింది?"

ఆమె కళ్లు ఒకసారి పక్కకి వెళ్లి వచ్చాయి.

ముందు ఆయాసం తగ్గాలి. మిగతావన్నీ తర్వాత. "నాతోపాటు చెయ్యండి. పీల్చండి... ఇప్పుడు వదలండి... మెల్లగా..."

ఆమె వదిలింది. దాని వెనకే ఇంకో ఊపిరి వినపడింది. నాదే తిరిగి వినిపిస్తోందేమో అనుకుని నేను ఆపాను. ఇంతలో టైలరమ్మకి దగ్గు తెర వచ్చింది. దగ్గుతూనే ఉంది.

ఆ దగ్గు కింద ఊపిరి మాత్రం సాగుతూనే ఉంది. తాపీగా. పొడుగ్గా. పెదాలు సున్నాలా చుట్టి వదిలినట్టు... నేను నేర్పినట్టే.

టైలరమ్మ కళ్లు తుడుచుకుంది. "వినపడిందా? మొదట్లో దానికి చేతనయ్యేది కాదు తల్లీ. ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకునేది. నీ మాట విని విని... ఇప్పుడు నాకంటే బాగా చేస్తోంది."

"పెద్దమ్మా, లేవండి. బయటికి వచ్చెయ్యండి."

"ఎలా రాను?" అంటూ ఫోన్ తిప్పింది. కుట్టుమిషను, గోడ, తలుపు కనిపించాయి. తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది. కింద, మోకాలెత్తులో, రంగంతా గోళ్లతో గీకేసినట్టు లేచిపోయి ఉంది.

"గడియ నేను పెట్టలేదమ్మాయ్. తీద్దామంటే రావడం లేదు."

రెండో ఫోన్లో అంబులెన్సుకి చెప్పాను. ఆమె తమ్ముడికి చేశాను. ఎత్తగానే, "అక్క గదిలో ఉండిపోయింది, ఊపిరాడటం లేదు, తలుపు పగలగొట్టండి" అన్నాను. మారు మాట్లాడకుండా పరిగెత్తాడు. సాయం వచ్చేదాకా కాల్ వదలకూడదని మా పనిలో నియమం. వదిలి వెళ్లాలనీ లేదు నాకు. కానీ ఆమె పెదాలు నీలంగా మారుతుంటే, ఇంత దూరాన కుర్చీలో కూర్చుని చూడటం తప్ప చెయ్యగలిగిందేమీ లేదు. "ఇదిగో వచ్చేస్తున్నాడు పెద్దమ్మా... ఇదిగో..." అదే మాట మళ్లీ మళ్లీ అన్నాను. పీల్చమని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. నేను చెబితే వినేది ఆమె ఒక్కతే కాదు మరి.

తలుపు దడదడలాడింది. "అక్కా! తియ్యక్కా!" ఏదో ఇనప కడ్డీతో కొడుతున్న చప్పుడు. గడియ ఊడి ఎగిరిపడింది. ఫోన్ ఆమె చేతిలోంచి మంచం మీద పడింది. తెర మీద పైకప్పు తప్ప ఏమీ కనబడటం లేదు. అతను అక్కని ఎత్తుకెళ్లిన అలికిడి, బయట జనం గొంతులు, కాసేపటికి అంబులెన్సు కూత, అన్నిటి మధ్యా టైలరమ్మ గొంతు. "ఒరేయ్, మెల్లగా పట్టుకోరా, గుడ్డల మూటనుకున్నావా!"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బతికింది.

కాల్ ఆపబోతూ తెర వైపు చూశాను. గదిలో ఎవరూ లేరు. పైకప్పు మసకబారింది. మెల్లగా తేటబడింది. మళ్లీ మసకబారింది... అద్దం మీద ఎవరో ఊదినట్టు.

తర్వాత ఏ చప్పుడూ లేదు. అది ఊపిరి బిగబట్టి ఉంది.

నేను చెప్పడం కోసం చూస్తోంది.

ఎర్ర బటన్ నొక్కాను. తెర నల్లబడింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను.

"హూ..."

నా వెనకాల.

నా కుర్చీకీ గోడకీ మధ్య జానెడు జాగా కూడా లేదు. మనిషి పట్టడు. తిరిగి చూడలేదు. లేచి తలుపు పిడి తిప్పాను. తిరగలేదు. రెండు చేతులతో లాగాను. కదల్లేదు. హాల్లో టీవీ మోగుతోంది. మా ఆయన ఎవరితోనో ఫోన్లో పెద్దగా నవ్వుతున్నాడు. "ఏమండీ" అని అరిచాను. అరిచాననుకున్నాను. గొంతులోంచి ఏమీ రాలేదు. అరవడానికి గాలి ఉండాలి కదా.

పీల్చాను. ఏమీ లేదు. మళ్లీ పీల్చాను... నాకంటే ముందే ఎవరో లాగేసుకున్నారు. చెవుల్లో హోరు. తలుపు మీద జారుతూ మోకాళ్ల మీద కూలబడ్డాను. నా గోళ్లు చెక్కని గీకుతున్నాయి. నేను గీకడం లేదు. అవే గీకుతున్నాయి.

అప్పుడు అది వదిలింది. తాపీగా, పొడుగ్గా, నా మెడ మీదికి. తడిసి మాగిన గుడ్డ వాసన.

నేను పీల్చాను.

ఇంకేం చెయ్యను? అక్కడ ఉన్న గాలి అదొక్కటే. అది వదిలితే నేను పీల్చాను. నేను వదిలితే అది పీల్చింది. ఎంతసేపో తెలియదు. కాసేపటికి భయం కూడా పోయింది. అదే అన్నిటికన్నా భయంకరం.

తలుపు తెరుచుకుంది. మా ఆయన. "ఇదేమిటి, కింద కూర్చున్నావు? పిలవచ్చుగా?"

"తలుపు... రాలేదు..."

పిడి తిప్పి చూపించాడు. వెన్నలా తిరిగింది.

టైలరమ్మ ఆస్పత్రి నుంచి తిన్నగా మేడ మీది గదికే వెళ్లింది. తమ్ముడు మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ బిగించాడు. మొన్న తనే ఫోన్ చేసింది. గొంతు ఖంగుమంటోంది. "అమ్మాయ్, ఇప్పుడు గాలంతా నాదే!" అంది. నవ్వాను. నవ్వుతుంటే ఛాతీ పట్టేసింది.

మా ఆయన ఊరుకోలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఆ డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి, "గట్టిగా పీల్చండి" అంది. పీల్చాను. "వదలండి." వదిలాను.

"ఇప్పుడు కాసేపు ఊపిరి బిగబట్టండి."

బిగబట్టాను. ఆమె స్టెతస్కోపు కొద్దిగా పక్కకి జరిపింది. ఇంకాస్త జరిపింది.

"బిగబట్టమన్నాను కదండీ," అంది.

నేను బిగబట్టే ఉన్నాను.