గురక పెట్టే ఇల్లు

నమ్మనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయలుదేరచ్చు. ఈ కథ విని "ఆఁ... చెప్పొచ్చారులే" అన్న మొనగాడు ఒకడున్నాడు, వాడు ఇవాళ్టికీ లైటు ఆర్పి పడుకోడు. ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. కొన్నిచోట్ల జరిగినదాన్ని తగ్గించి చెప్పడమే తప్ప పెంచడం లేదు— వినేవాళ్ళ గుండెలు ఎలాంటివో తెలియదు గదా!

మేడ్చల్ నుంచి షామీర్‌పేట వెళ్ళే రోడ్డు పక్కన, గుండ్రాళ్ళు పగలగొట్టి వేసిన కొత్త కాలనీ. సెల్‌ఫోను ఇంకా గొప్పవాళ్ళ జేబుల్లోనే ఉన్న రోజులు. అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లు. మిగతాదంతా హద్దురాళ్ళు, సర్కారు తుమ్మలు. చివరి గల్లీలో శ్రీనివాసరావు అనే ఆయన ముచ్చటపడి ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం అయిందో లేదో, విశాఖపట్నం బదిలీ అయింది. ఇంటికి తాళం పడింది. ఆ తాళం పడిన ఇంట్లోంచి—

రాత్రిళ్ళు గురక వినిపించేది.

మామూలు గురకా అది! రంపం పెట్టి చింతమొద్దు కోసినట్టు... కోసి కోసి ఆగినట్టు... ఆగి ఈల వేసినట్టు. ఆ గురకకి గల్లీలో కుక్కలన్నీ యాప్రాల్ దాకా పారిపోయి అక్కడే కాపురాలు పెట్టాయి. కిటికీలో సన్నటి వెలుగు కూడా ఆడేది. కాలనీ నైట్ వాచ్‌మన్ జంగయ్య గల్లీ మొగదాకా వచ్చి, కర్రతో నేలమీద గట్టిగా కొట్టి, అట్నుంచి అటే తిరిగిపోయేవాడు.

"గా ఇంటికి బోరు ఏసేటప్పుడు ఒకడు బండి కింద పండుకున్నడట సారూ. పండుకున్నోడు మల్ల లేవలే. గిప్పటికీ గట్లనే పండుకొని ఉన్నడు."

జంగయ్య ఈ మాట చెప్పింది పట్టాభిరామయ్యకి. తెనాలి మనిషి. జీడిమెట్ల వైపు ఒక మందుల కంపెనీలో స్టోర్స్ సూపర్‌వైజరు. దెయ్యపు ఇంటికీ ఆయన ఇంటికీ దొడ్డిగోడ ఒక్కటే అడ్డం. ఆయనకి నిద్ర పట్టదు.

పట్టదంటే... పక్క మీద వాలగానే తలలో ఆలోచనలు బారులు తీరేవి. గ్యాసు కట్టామా? స్కూటరుకి తాళం వేశామా? స్టోర్సులో మందుల పెట్టెలు తడవవు గదా? అసలు వానే లేదు... కానీ పడితే? గుండె దడదడ. అరికాళ్ళు చల్లబడేవి. లేచేవాడు. చూసొచ్చేవాడు. పడుకునేవాడు. చూశానా... చూశాననుకున్నానా? మళ్ళీ లేచేవాడు. ఒక్క రాత్రి ఆయన ఇంట్లో నడిచిన నడకతో బహదూర్‌పల్లి వెళ్ళి, పని చూసుకుని, తిరిగి రావచ్చు.

పగలు మనిషి మనిషిలా ఉండేవాడు కాదు. పెరుగు తోడుకోలేదని ఒకరోజు కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

సిటీలో పెద్ద డాక్టరుకి చూపించుకున్నాడు. "మీది ఆందోళన జబ్బండీ. అది నిద్రని దగ్గరికి రానివ్వట్లేదు. నిద్ర రాకపోతే పక్క మీద దొర్లకండి, లేచి కాసేపు వేరే గదిలో కూర్చోండి" అని చెప్పి ఆయన మందు రాశాడు. మందు అలవాటైపోతుందేమోనన్న భయంతో పట్టాభిరామయ్య దాన్ని ముట్టుకోలేదు. లేవమన్నారు గనక లేవడం మాత్రం శ్రద్ధగా రెట్టింపు చేశాడు.

ఇంతలో కంపెనీలో స్టాకు చూపిస్తూ, నిలబడే కునికి, మేనేజరు భుజం మీద తల వాల్చేశాడు. "ఇంకోసారి ఇలా అయితే ఇంటి దగ్గరే పడుకోండి. ఇక్కడికి రానక్కర్లేదు" అన్నాడు మేనేజరు. ఉద్యోగం పోతే...? ఆ ఆలోచన వచ్చాక ఉన్న కాస్త కునుకు కూడా పోయింది.

అన్నిటికన్నా ఘోరం— దొడ్డి తలుపు. తన చేతుల్తో తనే గడియ వేసేవాడు. మళ్ళీ వచ్చి చూస్తే... తీసి ఉండేది! వేసేవాడు. తెల్లారి వీధి తలుపు తీసేసరికి భార్య నాగమణి వాకిట్లో ముగ్గు వేస్తూ ఉండేది. ఏ తలుపులోంచి వెళ్ళిందో అడగాలని కూడా తట్టేది కాదు ఆయనకి. గడియ తీస్తున్నది దెయ్యమా... లేక తన మతి పోతోందా? దెయ్యమే అయితే బాగుండునని దేవుడికి మొక్కుకునేవాడు.

ఆ రాత్రి— షామీర్‌పేట చెరువు మీద దోమలు కూడా దుప్పట్లు కప్పుకున్న చలి— పట్టాభిరామయ్య దొడ్లో నిలబడి ఉన్నాడు. గడియ మళ్ళీ తీసి ఉంది. గోడ అవతల...

ఖర్ర్... ర్ర్ర్... హూఁ.

ఇంకొకరైతే ఇంట్లోకి పరిగెత్తేవాళ్ళు. ఆయనకి ఒళ్ళు మండింది. భయం కాదు— కుళ్ళు! చచ్చినవాడు అంత హాయిగా నిద్రపోతున్నాడు, బతికున్న నేనేమో... అడిగేస్తాను. ఈ విద్య ఎక్కడ నేర్చావని ఆ దెయ్యాన్నే అడిగేస్తాను!

టార్చి పట్టుకుని, చుట్టూ తిరిగి గల్లీలోకి వెళ్ళాడు. మొగలో జంగయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏంది సారూ... యాడికి?" గుసగుసగా.

"లోపలికి."

"పాగలైనవా? గా దయ్యం మింగుతది సారూ!"

"నిద్రపోతున్నది ఎలా మింగుతుందయ్యా?"

జంగయ్య పట్టుకున్న చెయ్యి వదిలేశాడు.

"నేను గేటు కాడ ఉంట. గంతే. లోపటికి రమ్మంటే నౌకరీ ఇడిసి పోత."

తలుపుకి తాళం లేదు. తోస్తే... కిర్రుమంది.

గురక ఆగింది. పట్టాభిరామయ్య గుండె కూడా ఆగింది. కాసేపటికి గురక మొదలైంది. అప్పుడు గుండె కూడా మొదలైంది.

సామాను లేని హాలు. గురక నాలుగు గోడలకీ తగిలి నాలుగింతలై వస్తోంది. మూలన కుందిలో దీపం రెపరెపలాడుతోంది. దాని ముందు, నేల మీద... తల నుంచి కాలిదాకా తెల్లదుప్పటి కప్పుకుని... ఒక ఆకారం. పైకి లేస్తోంది... కిందికి దిగుతోంది...

టార్చి చేతిలోంచి జారింది. మోకాళ్ళ మీద కూలబడి దండం పెట్టాడు.

"తల్లివో తండ్రివో... నన్నేం చేసినా సరే. ఒక్క మాట చెప్పు. ఇంత నిద్ర... ఎలా పడుతోంది నీకు?"

దుప్పటి కదిలింది. లోపల్నుంచి, బొంగురుగా, ఒక గొంతు—

"గ్యాసు కట్టేశానండీ... పడుకోండి."

దెయ్యాన్ని చూసి అరవని మనిషి ఇప్పుడు అరిచాడు. "నాగమణీ!"

ఆవిడ గబుక్కున లేచి కూర్చుంది. ఆయన్ని చూసి ఏడుపు మొహం పెట్టింది. "ఇక్కడికి కూడా వచ్చారా!"

జరిగిందేమంటే— కొత్త ఇల్లు చీకటి పడి ఉండకూడదని, రోజూ సందెవేళ దీపం పెట్టమని, శ్రీనివాసరావు భార్య వెళుతూ వెళుతూ తాళంచెవి నాగమణి చేతిలో పెట్టింది. ఒకనాడు దీపం పెట్టి గోడకి ఆనుకుంటే ఆవిడకి కళ్ళు మూతలు పడ్డాయి. సొంత ఇంట్లో రాత్రంతా "గ్యాసు కట్టావా, కట్టావా" అని లేపే మొగుడు. ఇక్కడ లేపేవాళ్ళు లేరు. ఆ రోజు నుంచీ మంచం మీద దుప్పటి కింద దిండ్లు పెట్టి, దొడ్డి దారిన ఇక్కడికి వచ్చేస్తోంది. అడిగితే దిండ్లు పలకవు గనక, ఆయనే లేచి చూసుకునేవాడు.

"అయితే గడియ తీస్తున్నది నువ్వా?"

"మరి దెయ్యమా?"

మతి పోలేదు! ఆయనకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలోనే బెంగ. "తలుపు ఊరికే చేరేసి పడుకున్నావేమే? దొంగలొస్తే?"

"దెయ్యం ఉన్న కొంపకి దొంగలెందుకొస్తారండీ?"

"నాతో ఒక్క మాట చెప్పచ్చుగా..."

"చెబితే, నేను ఉన్నానో లేనో చూసుకోవడానికి కూడా లేస్తారు."

రాత్రంతా గడియలు, కుళాయిలు, తాళాలు చూసుకున్న మనిషి, ఆవిడ కళ్ళ కింద నలుపుని ఆ దీపం వెలుగులో మొదటిసారి చూశాడు.

"ఇక్కడ గ్యాసు లేదు, స్కూటరు లేదు. కాపలా కాయడానికి ఏమీ లేదు" అంది నాగమణి, పక్కకి జరుగుతూ. "రేపు డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళదాం. ఆ మందు మీరు వేసుకుంటున్నారు. ఇప్పుడు నోరు మూసుకుని పడుకోండి. దుప్పటి లాక్కోకండి."

పడుకున్నాడు. మన ఇంట్లో గ్యాసు... అనబోయాడు. అప్పటికే పక్కన రంపం మొదలైంది. దాన్ని వింటూ... వింటూ...

గేటు దగ్గర జంగయ్య సారు కేక విన్నాడు. ఆ తర్వాత ఏవో గుసగుసలు. ఆ తర్వాత గురక. ఆ తర్వాత—

రెండు గురకలు!

కర్ర ఒకచోట, ఈల ఒకచోట, చెప్పులు ఒకచోట. ఆ పరుగుకి మేడ్చల్ వెళ్ళే బస్సు ఒకటి సిగ్గుపడి పక్కకి తప్పుకుంది.

మర్నాడు పట్టాభిరామయ్య కంపెనీకి ఆలస్యంగా, చెంప మీద గచ్చు గీతలతో వెళ్ళాడు. "నిద్రపోయానండీ!" అని మేనేజరుతో ఛాతీ విరిచి చెప్పాడు. ఆ కళ్ళలో కాంతి చూసి మేనేజరు ఊరుకున్నాడు. మందు మొదలుపెట్టాడు. బెంగ ఒక్కరోజులో పోయేది కాదు. అప్పుడప్పుడూ లేస్తూనే ఉన్నాడు, కానీ ఆవిణ్ణి లేపడం మానేశాడు. ఉద్యోగం నిలబడింది.

జంగయ్య మాత్రం బస్టాండు దగ్గర ఎంకయ్య చాయ్ హోటల్లో కూర్చుని నలుగురికీ చెప్పేవాడు: "ముందుగాల ఒకటే ఉండె. సారును మింగినంక రెండయినయి."

"అరె, సారు పొద్దుగాలనే స్కూటర్ మీద పోయిండు గదనే?" అన్నాడు ఎంకయ్య ఒకసారి.

జంగయ్య జాలిగా చూశాడు. "గాయన సారు గాదు. మన సారుకు నిద్ర రాదు. గిప్పుడున్నోడు మస్తుగ పండుకుంటున్నడు."

సాక్ష్యం కావాలా? రెండు గురకలూ తన చెవుల్తో విన్నవాడు నిక్షేపంగా ఉన్నాడు, మేడ్చల్‌లోనే ఉన్నాడు. వెళ్ళి కనుక్కోండి— పేరు గడ్డం జంగయ్య.