మూడు వందల గ్రాములు

ఆసుపత్రి మంచాల పక్కన వేలాడే బెల్లులను పరీక్షించే గది అది. కిటికీలు లేవు. తలుపేస్తే చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. అక్కడ పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడని అందరూ రూలుబుక్కు అనేవాళ్ళు. ముఖం మీదే అనేవాళ్ళు. ఆవిడకీ అది లోలోపల ఇష్టమే.

పుస్తకంలో ఉన్నది ఒకటే మాట. మూడు వందల గ్రాముల బరువుతో నొక్కితే బెల్లు మోగాలి. మోగకపోతే చెడిపోయినట్టు. అంతకన్నా తక్కువ బరువు పడితే అది అసలు నొక్కినట్టే కాదు.

పోయిన నెల ఒక ముసలావిడ ఊపిరాడక చనిపోయింది. చేతిలో బెల్లు ఉంది గానీ మోగలేదు. అది పరీక్షకొస్తే, దాని లోపల నమోదైన లెక్కలో నలభై ఒక్క నొక్కులు కనిపించాయి. తొంభై గ్రాములు, ఎనభై, డెబ్బై… రూలుబుక్కు అన్నీ చూసింది. చూసి కూడా ‘ఎవరూ నొక్కలేదు, లోపం లేదు’ అని రాసి ముద్ర కొట్టింది.

ఈ రోజు అదే బెల్లు మళ్ళీ వచ్చింది. ఎవరూ ముట్టుకోకుండానే మోగుతోందట. పక్కబల్లాయన దాన్ని తూకం మీద పెట్టి, “నువ్వే తేల్చాలమ్మా” అని నవ్వుతూ టీకి వెళ్ళిపోయాడు. ఆవిడ కుర్చీ మీద ఆయనకి కన్నుంది. ఆ నవ్వు ఆవిడకి నచ్చలేదు.

బయట లారీలో అలాంటివే రెండు వందల బెల్లులున్నాయి. సాయంత్రం ఐదయ్యేలోపు గోడ మీది ఎర్ర బటన్ ఎవరూ నొక్కకపోతే సరుకు పాసైనట్టే, లారీ కదిలిపోతుంది. అవి వెళ్ళే వార్డులోనే రేపు ఆవిడ తన తల్లిని చేర్పించాలి. ఆ తల్లి వేళ్ళు ఈ మధ్య గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్నాయి. అలాగని ఎర్ర బటన్ నొక్కితే పాత లెక్కలన్నీ తిరగేస్తారు, పోయిన నెల ముద్ర సంగతి బయటపడుతుంది, ఉద్యోగం ఊడుతుంది. ఆవిడ మిగతా కాగితాల మీద ముద్రలు కొడుతూ కూర్చుంది. చూపుడు వేలికి నీలం ఇంకు అంటుకుంది.

ఐదుకి పది నిమిషాలుండగా, తూకం మీద అంకె వెలిగింది.

నలభై.

తలెత్తింది. దగ్గర్లో ఎవరూ లేరు. తొంభై.

ఇది ఆయన పనే అనుకుంది. బల్ల కింద దారం కోసం వెతికింది. అయస్కాంతం కోసం వెతికింది. ఏమీ దొరకలేదు. గోడ దగ్గరకెళ్ళి బెల్లు వైరు, తూకం వైరు రెండూ పీకేసింది.

నూట నలభై… రెండు వందల పది…

గదిలో మందుల వాసన. పాత దుప్పటి వాసన. ఎవరో ఆయాసపడుతున్నారు… చెవి పక్కనే.

“అమ్మాయీ… ఇప్పుడు సరిపోయిందా?”

రెండు వందల తొంభై తొమ్మిది.

“ఇంకొంచెం… గట్టిగా నొక్కనా?”

ఉద్యోగం పోతే పోనీ, అమ్మ బతికుంటే చాలు అనిపించింది. గోడ దగ్గరకి పరుగెత్తి ఎర్ర బటన్ నొక్కింది. నొక్కగానే వెలగాల్సిన దీపం వెలగలేదు. మళ్ళీ నొక్కింది. రెండు చేతులతో… ఒళ్ళంతా మోపి… నొక్కుతూనే ఉంది. వెలగలేదు.

ఐదైంది. తలుపు తెరుచుకుంది.

“ఏమ్మా రూలుబుక్కూ, పాస్ చేసేశావే! లారీ వెళ్ళిపోయింది,” అన్నాడు పక్కబల్లాయన.

“నొక్కాను అన్నయ్యా… ఎన్నిసార్లు నొక్కానో!”

ఆయన కంప్యూటర్ వైపు చూసి, ఆవిడ వైపు అనుమానంగా చూశాడు. “ఎవరూ నొక్కలేదే.”

వెళ్ళి వేలి కొసతో ఎర్ర బటన్ తాకాడు. దీపం ఠక్కున వెలిగింది.

“లోపం ఏమీ లేదమ్మా.”

ఆవిడ తన వేలు చూసుకుంది. ఇంకు ఇంకా తడిగానే ఉంది. ఎర్ర బటన్ మీద మాత్రం చిన్న మరక కూడా లేదు. మెల్లగా వెనక్కి తిరిగింది.

గది అటు చివర, తాను ఇవాళ ఒక్కసారైనా ముట్టుకోని ఆ పాత బెల్లు మీద, ఒకదాని మీద ఒకటిగా నీలం వేలిముద్రలు. ఆయన దాన్ని తీసి లెక్క చూశాడు.

“ఇదేంటి, చివరి రెండు నిమిషాల్లో కొత్తగా నలభై ఒక్క నొక్కులున్నాయి? ఒక్కటి కూడా వంద గ్రాములు దాటలేదు.”