జెండా ఎత్తిన అబ్బాయి

తొంభయ్యో నిమిషంలో నీలం జట్టు కొట్టిన బంతి వలలో పడగానే, ఆమె నాన్నను వాటేసుకుని గెంతింది. రెండు–రెండు! ఎర్ర జట్టు చేతిలో ఓడిపోవలసిన ఫుట్‌బాల్ మ్యాచ్ డ్రా అయిపోయినట్టే!

అంతలో నాన్న గెంతడం ఆపేశాడు. ఎందుకా అని ఆమె తల తిప్పి చూసింది. సరిగ్గా వాళ్ళ ముందే, లైను పక్కన నిలబడ్డ లైన్స్‌మన్ జెండా పైకెత్తి ఉన్నాడు. ఆఫ్‌సైడ్. పాస్ ఇచ్చేలోపే నీలం ఆటగాడు ముందుకెళ్ళిపోయాడట. గోల్ చెల్లదు.

రెండు నిమిషాల్లో చివరి విజిల్ ఊదేశారు. రెండు–ఒకటి. ఓటమి.

ఆమె కంచె దగ్గరికి పరుగెత్తింది.

"ఏమయ్యా జెండా! కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా? మార్కెట్ వీధి మలుపులో నీలం బోర్డు, కళ్ళద్దాల షాపు మాదే! రేపు తొమ్మిదింటికల్లా రా, ఫ్రీగా చూసిపెడతా!"

చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. అతను మాత్రం వెనక్కి తిరగలేదు.

మర్నాడు షాపులో శోకం తాండవించింది. నాన్న కౌంటర్ వెనక పేపరు తిరగేసి పట్టుకుని కూర్చున్నాడు. పరీక్ష గదిలో ఆమె ఒకే అద్దాన్ని పావుగంట నుంచి తుడుస్తోంది. తొమ్మిదింటికి పొడుగాటి కుర్రాడొకడు లోపలికొచ్చాడు.

"కళ్ళు చూపించుకోవాలండి."

"కూర్చోండి. ఏంటి ఇబ్బంది?"

"నాకేం ఇబ్బంది లేదండి. జనానికే."

"అంటే?"

"నిన్న రమ్మన్నారు కదా. తొమ్మిదింటికల్లా."

ఆమె తుడుస్తున్న అద్దం బల్ల మీద పెట్టేసింది. "మీరా! నిజంగా వచ్చేశారా?"

"అడ్రసు అంత వివరంగా ఇదివరకెవరూ చెప్పలేదండి," అంటూ నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "వేళాకోళానికి రాలేదు లెండి. మీ క్లబ్బువాళ్ళు రాత్రే కంప్లయింట్ ఇచ్చారు. చూపు బాగుందని సర్టిఫికెట్ తెస్తేనే మళ్ళీ జెండా చేతికిస్తారట. వారమంతా భూములు కొలుస్తాను. బతికేది ఆ ఆదివారం కోసమే. అందరూ అలా అరిచేసరికి నాకే అనుమానం పట్టుకుంది."

ఆమె ఏదో అనేలోపు తలుపు సందులోంచి నాన్న తల కనిపించింది. "అమ్మలూ, ఒక్కసారి ఇటు రా."

వెళ్ళింది.

"ఒక పాయింటు అటూ ఇటూ చేసి రాసెయ్. ఎవడికి తెలుస్తుంది?"

"నాన్నా!"

"పోనీ, అర పాయింటు."

ఆమె తలుపు మూసేసింది.

అతను గోడకున్న కంటి పరీక్ష బోర్డు మీద పెద్ద అక్షరాల నుంచి చివరి వరస దాకా గడగడా చదివేశాడు. కుడి కన్ను, ఎడమ కన్ను, రెండూ కలిపి. ఎక్కడైనా తడబడతాడేమోనని ఆశగా చూసింది. ఊహూఁ.

"ఆ కింద అంచు మీద బోర్డు అచ్చేసిన ప్రెస్సువాడి ఫోన్ నంబరు కూడా ఉందండి. చదవమంటారా?"

ఆ బోర్డు అక్కడ పెట్టి పదకొండేళ్ళయింది. దాని మీద నంబరుందని ఆమెకే తెలియదు. దగ్గరికెళ్ళి వంగి చూస్తే, నిజమే.

"మీ కళ్ళు భేషుగ్గా ఉన్నాయి," అంది ఉక్రోషంగా. "మరి నిన్న ఏమైంది?"

"ఆఫ్‌సైడ్ అయిందండి."

"కాలేదు! వీడియో ఇరవైసార్లు చూశాను."

"మీరు బంతిని చూసుంటారు. పాస్ ఇచ్చిన క్షణంలో ఆపి, బంతి అందుకునేవాణ్ణి చూడండి."

ఫోన్ తీసి అలాగే ఆపి చూసింది. వేళ్ళతో పెద్దది చేసి మళ్ళీ చూసింది. నీలం జట్టు ఫార్వర్డ్ ఎర్ర జట్టు ఆఖరి డిఫెండర్‌ని దాటి ముందుకొచ్చి ఉన్నాడు. ఎంతో కాదు.

"అర బూటు," అంది నీరసంగా.

"అర బూటే. నాకూ బాధేసింది."

"మీకెందుకండీ బాధ?"

"అంతమంది ఒక్కసారిగా గెంతుతుంటే, ఆగండని చెప్పడం సులువా?"

ఆమె సర్టిఫికెట్ కాగితం ముందుకు లాక్కుంది. ఉన్నదున్నట్టు రాసి, సంతకం చేసి, స్టాంపు గుద్ది ఇచ్చింది. అతను వెళ్ళాక నాన్న ఆ వీడియో తీసుకుని మూడుసార్లు చూశాడు. ఆ తర్వాత పేపరు తిన్నగా తిప్పి పట్టుకున్నాడు.

వారం తిరక్కుండా అతను చలవ కళ్ళద్దాలు కొనుక్కోవడానికి వచ్చాడు. తర్వాతి వారం వాటి స్క్రూ వదులైందని వచ్చాడు. ఆ తర్వాతి వారం రెండో స్క్రూ.

"ఇది తనంతట తనే వదులవుతోందా, ఎవరైనా సాయం చేస్తున్నారా?" అంది ఆమె చిన్న స్క్రూడ్రైవర్ తిప్పుతూ.

"పరిశోధన జరగాలండి."

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. వెళ్ళడానికి అతనికి తొందరేం లేదు, ఆగడానికి వానకీ లేదు. టీ తాగుతూ పాత గోల్స్ గురించి ఇద్దరూ పోట్లాడుకున్నారు.

"నిజం చెప్పండి, మీది ఏ జట్టు?"

"నాకు జట్టు లేదండి. ఉంటే జెండా పట్టుకోకూడదు."

"ఒక్కటీ లేదా? మరీ అంత చప్పటి బతుకేమిటండీ!"

అతను ఆమెవైపు ఒక్క క్షణం ఎక్కువే చూశాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, తగ్గని వానలోకే నడిచి వెళ్ళిపోయాడు.

తర్వాత రెండు వారాలు రాలేదు. ఆమె రోజుకు పదిసార్లు వీధి వైపు చూసింది. "వదులైన స్క్రూలన్నీ బిగిసిపోయినట్టున్నాయి," అన్నాడు నాన్న. ఆమెకు నవ్వు రాలేదు. నేనేమైనా తప్పుగా అన్నానా అని ఒకటే గుబులు.

మళ్ళీ ఎర్ర జట్టుతో మ్యాచ్ వచ్చింది. స్టేడియంలోకి వెళ్తూనే ఆమె లైను వైపు చూసింది. అక్కడ మీసాలాయనెవరో జెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెడ చాచి అవతలి లైను వైపూ చూసింది. అక్కడా అతను లేడు. సర్టిఫికెట్ చెల్లలేదా?

"ఈ వరసేనా అండి, పదిహేడు?"

పక్కకు తిరిగింది. మామూలు చొక్కాలో, చేతిలో టికెట్‌తో అతను!

"మీరిక్కడేంటి? తీసేశారా?"

"లేదండి. ఈ మ్యాచ్ నాకే వేశారు. నేనే వద్దన్నాను."

"పిచ్చా మీకు? ఏడాది మొత్తానికి పెద్ద మ్యాచ్!"

"రూలుంది. ఒకవైపు మొగ్గు ఉన్నవాడు జెండా పట్టకూడదు. ఇకమీద నీలం జట్టు మ్యాచ్‌లు నాకు వెయ్యొద్దని కాగితం రాసిచ్చేశాను."

"జట్టే లేదన్నారుగా మొన్న?"

"ఇప్పటికీ లేదండి. దానికోసం గొంతు చించుకునే మనిషి ఉంది."

స్టేడియమంతా హోరెత్తిపోతోంది. ఎప్పుడూ అందరికంటే పెద్దగా అరిచే ఆమె మాత్రం గొంతు తగ్గించి అడిగింది.

"కాగితంలో కారణం ఏమని రాశారు?"

"సొంత విషయం అని."

"అంతేనా?"

"మిమ్మల్ని అడక్కుండా మీ పేరెలా రాస్తానండి?"

"రాసేయాల్సింది," అంది తల దించుకుని.

"అయ్యా, అమ్మా," నాన్న గొంతు మధ్యలోకి వచ్చింది, "ఆట మొదలైంది. అలా అడ్డంగా నిలబడితే వెనకవాళ్ళు తిడతారు. కూర్చో బాబూ. ఒక్కటే షరతు. మావాళ్ళు గోల్ కొట్టినప్పుడు ఆఫ్‌సైడని నా చెవిలో ఊదావో, పిల్లనివ్వను."

"నాన్నా! పిల్లనిమ్మని ఎవరడిగారిప్పుడు?"

"అడగడానికేగా టికెట్ కొనుక్కొచ్చాడు," అన్నాడు నాన్న మైదానం మీంచి చూపు తిప్పకుండా.

ఆమె నవ్వు బిగబట్టుకుని, పక్క సీట్లో ఉన్న తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.