దుర్యోధనుడి ఎడమ తొడ

పొద్దు గూకినాక మా ధర్మరాజుల గుడి ముందర బయలు దిక్కు ఎవురూ పొయ్యేవాళ్ళు కాదు. ఏడాదంతా కాదులే — భారతం జరిగే పద్దెనిమిది దినాల్లో కడపటి రేత్రి మాత్రం. ఆ రేత్రి ఆడ ముప్పై అడుగుల మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పండుకోనుంటాడు. తెల్లారితే భీముడి వేషం కట్టినోడు వాడి ఎడమ తొడ మీద గదతో కొడతాడు. తొడలో పూడ్చిన కుండ పగిలి కుంకం నీళ్ళు చిమ్ముతాయి, వాడు సచ్చినట్టు. ఆ ముందు రేత్రి వాడు ఏడుస్తాడంట... పక్కన పొయ్యేవాళ్ళను పిలుస్తాడంట.

మాది ఐరాల పక్కన పల్లె. ఇది డెబ్బై తొమ్మిదిలో మాట. మాయన్న గురప్పకు ఒక గొప్ప ఉద్యోగం ఉండె — పగటిపూట భారతం చెప్పే అయ్యోరికి ఊ కొట్టేది! అయ్యోరు గుక్క తిప్పుకుంటే చాలు, మాయన్న నోట్లోంచి ఊ. ఇంటికొచ్చినా అదే తంతు. కూడు పెడితే ఊ, తిడితే ఊ. మా వదిన పంకజాక్షి తల కొట్టుకుంటాండె.

ఆ కడపటి రేత్రి అన్న బయలుకు అడ్డంబడి వచ్చినాడు. చుట్టూ తిరిగొచ్చేదానికి బద్దకం, ఇంకేముంది! సగం దూరం వచ్చినాడో లేదో... మట్టిలోంచి గొంతు.

"నాకు సావాలని లేదు... నా బదులు నువ్వు పోతావా?"

గొంతు ఆగింది.

మాయన్న ఏం చేసినాడో చెప్పాల్నా? ఊ కొట్టినాడు!

ఇంటికొచ్చి మంచం మీద పడినాడు. ఒళ్ళంతా చెమట. "తెల్లారి ఆడ గద పడతానే ఈడ నా పానం పోతాది. మాటిచ్చేసినా..." అని గుడ్లు తేలేసినాడు. పెదనాయన వరదయ్యను పిలిస్తే ఆయన విభూతి పూసి, "దుర్యోధనుడి సావు బ్రమ్మ రాసింది. ఎవురో ఒకరు పోవాల్సిందే. మన గురప్పకు రాసిపెట్టుండాది" అని చెప్పి, గోడకానుకోని గురక పెట్టినాడు. రాసిపెట్టుండాదంట! తనకు జొరమొస్తే మాత్రం చిత్తూరుకు ఫస్టు బస్సు.

అన్నకు ముగ్గురు బిడ్డలు. చిన్నది ఇంకా పాలు తాగతాండె. వదిన ఆ బిడ్డ దిక్కు సూసింది, మంచం దిక్కు సూసింది, మూలనున్న పార తీసింది.

"యాడికి వదినా?" అన్నాను.

"తొడ లేకుంటే భీముడు యాడ కొడతాడో సూస్తా."

ఆడ జరిగింది వదిన నాకు తర్వాత చెప్పింది. చీకట్లో ఆ మట్టి మనిషి గట్టు మాదిరి పండుకోనుండాడు... తడి మన్ను వాసన. వదిన దగ్గిరికి పోతానే — ఎవురో ఊపిరి తీసినట్టు...

"నా బదులు..."

"భయమెయ్యలేదా వదినా?" అని అడిగితే, "ఎందుకెయ్యదే! కానీ కోపం ముందుకొచ్చె" అనింది.

"ఏమప్పా," అనిందంట వాడితో. "మా ఊర్లో మొగోళ్ళకే సొంత బుద్ధి లేదనుకుంటే నీకూ లేదా? ఏడాదికోసారి వస్తావు, పండుకుంటావు, తన్నులు తింటావు, రాత అని ఏడుస్తావు. నిన్నీడ కట్టేసినోడెవుడు? నా మొగుణ్ణి ఇడిసిపెట్టి, లేసి నీ దోవన నువ్వు పో!"

మట్టిలోంచి మెల్లిగా —

"ఊ..."

అంతటితో ఇంటికి రావొచ్చు కదా! రాలేదు. "మొగోళ్ళ ఊలు నాకు తెలీనివా?" అని, పార ఎత్తి, మోకాలు కాడ్నుంచి నడుము దాకా ఎడమ తొడంతా తవ్వి కుండతో సహా కాలవలో పారేసి, కోడి కూసే యాళకు ఇల్లు చేరింది. రెండు చేతులా బొబ్బలు.

తెల్లారింది. డప్పులు మొదలైనాయి. అన్న కళ్ళు మూసుకోని బిగుసుకోనుండాడు. డప్పులు దగ్గిరైనాయి... ఇంకా దగ్గిరైనాయి... టక్కన ఆగిపోయినాయి.

"దుర్యోధనుడు లేడు! యాడా లేడు!" అని వీధిలో కేకలు.

మాయన్న ఒక కన్ను తెరిసి, "అయితే నేను పోవాల్నా, వొద్దా?" అని అడిగినాడు.

"పండ్లు తోముకోని రా. సంగటి తిందువు," అనింది వదిన.

వరదయ్య పెదనాయన ఆవులించి, "అదీ రాసిపెట్టిందేలే" అన్నాడు. ఆ మనిషిని ఏం చెయ్యాల చెప్పు!

వదిన మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. "నేను తవ్వింది తొడొక్కటే కదే..." అని నా చెవిలో గొణిగింది. ఇద్దురం పరిగెత్తినాము.

బయలంతా చదునుగా ఉండాది. మట్టి మనిషి పండుకున్న తావు నుంచి గుట్ట దిక్కుకు అడుగులు పడుండాయి. ఒక్కొక్కటి చాటంత. జనం దూరంగా నిలబడి దండాలు పెడతాండారు. వదిన వంగి ఒక అడుగు సూసింది, ముందుకు పోయి ఇంకొకటి సూసింది, ఆపైన నా చెయ్యి గట్టిగా పట్టుకునింది.

అన్నీ కుడికాలివే.