ఐలీ రౌటియో కారులో హోరు

ఆ గురువారం ఉదయం ఐలీ రౌటియో ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి సిల్వీ నియెమి కాఫీ కలుపుతోంది. ఐలీకి డెబ్బై ఒక్క ఏళ్లు. సరస్సు ఒడ్డు ఊరు లార్చ్ హార్బర్ చుట్టుపక్కల నలభై ఏళ్లపాటు పియానోలు శ్రుతి చేసిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఇప్పటికీ ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించేది ఆవిడే. టోపీ తీయకుండా, చేతి తొడుగులు విప్పకుండా కుర్చీ అంచున కూర్చుంది.

"నాకు పిచ్చెక్కిందో లేదో మీరు తేల్చాలి. సోమవారంలోగా," అంది.

ఓర్విల్ ట్రెంబాత్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. ముప్పై ఏళ్లు బీమా కంపెనీల తరఫున ప్రమాదాల గుట్టు లాగి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నవాడు. చలికాలమంతా ఎర్రబడ్డ ముక్కుతో తిరిగే ఈ బక్కమనిషిని చూసి ఎవరూ భయపడరు, అదే ఆయన పెట్టుబడి. ఎనిమిదేళ్ల కిందట పోస్టాఫీసు ఉద్యోగం మానేసి ఆయన దగ్గర చేరిన సిల్వీకి మాత్రం ఆ బుర్ర మీద అపారమైన గురి. ఆ మాట ఆయనతో ఏనాడూ అనలేదు. అంటే నెత్తికెక్కుతాడని.

ఐలీ చెప్పింది ఇదీ. నవంబరు నుంచి ఆవిడ పాత కారులో ఒక హోరు మొదలైంది. వేగం ముప్పై మైళ్లు దాటితే చాలు, అడుగు నుంచి లేచి సీటులోకి, వెన్నులోకి, పళ్లలోకి పాకుతుంది. రోడ్డు మీద చిన్న గతుకు వచ్చినా దబ్‌మని గుద్దుతుంది. మెకానిక్ వెండెల్ పెన్‌హేల్ మూడుసార్లు చూసి ఏమీ లేదన్నాడు. తమ్ముడి కొడుకు డేల్, లాన్సింగ్ నగరం నుంచి రెండుసార్లు వచ్చి పక్కన కూర్చుని ఊరంతా తిరిగాడు. చప్పుడు లేదు. లేని చప్పుళ్లు వింటున్న ముసలావిడ తన బాగోగులు తాను చూసుకోలేకపోతోందని, ఇల్లూ కారూ స్థలమూ తన చేతికి అప్పగించాలని కోర్టులో అర్జీ పెట్టాడు. డాక్టరు కాగితం కూడా జత చేశాడు. విచారణ సోమవారమే.

"వాళ్లు ఎక్కినప్పుడు నాకూ వినిపించదు. అదే నన్ను తినేస్తోంది. తెల్లారి ఒక్కదాన్నే కూర్చుంటే మళ్లీ మొదలు. ఇంకెవర్నయినా ఎక్కించుకుని వినమని అడగడానికి సిగ్గేసింది. నా చెవులే నా అన్నం బాబూ. వాటినే నమ్మకపోతే ఇక నేనెందుకు?"

తోడుగా ఉన్నది పక్కింటి రైనో కాంగస్ ఒక్కడేనట. ఊరి ఐస్ మైదానంలో పొద్దుటిపూట పనిచేస్తాడు. ఆవిడ వాకిట్లో మంచు ఎత్తుతాడు, వెండెల్ షెడ్డుకి కారు తీసుకెళ్లి తెస్తాడు. ఇదివరకు చర్చికి ఆవిడ కారులోనే వచ్చేవాడు. ఈ చలికాలం నడుం పట్టేసి ఆ లోతు సీట్లో కూర్చోలేక తన ట్రక్కులో వస్తున్నాడు పాపం.

ఓర్విల్ కోటు అందుకున్నాడు. "మీరు ఇక్కడికి వస్తున్నట్టు ఎవరికైనా చెప్పారా?"

"లేదు."

"మంచిది. పదండి, మీ కారులో ఒకసారి తిరిగొద్దాం."

ఆయన ముందు, సిల్వీ వెనక కూర్చున్నారు. ఊరి దీపస్తంభాలు దాటి రోడ్డు ఖాళీ కాగానే సిల్వీ పాదాల కింద ఏదో కదిలింది. ముందు సన్నగా, తర్వాత బరువుగా, మూసిన గదిలో ఎవరో నోరు తెరవకుండా మూలుగుతున్నట్టు. గతుకు వచ్చినప్పుడల్లా దెబ్బ వెన్నుపూసకి నేరుగా తగిలింది. ఐలీ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు, అడగడానికి కూడా భయపడుతున్నట్టు పెదవులు బిగించింది.

"వినిపిస్తోందమ్మా. బాగా వినిపిస్తోంది," అన్నాడు ఓర్విల్.

ఆవిడ కారు పక్కకి ఆపి, స్టీరింగు మీద తల వాల్చి ఏడ్చింది. రెండు నెలల ఏడుపు అది. వాళ్లిద్దరూ కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

తర్వాత బ్రిగ్స్ కొండ దిగారు. సరస్సు మీదికి తిరిగే పెద్ద మలుపులో కారు వెనక భాగం ఒక్కసారి ఎగిరి, పక్కకి జారి, మళ్లీ దారిలో పడింది. రోడ్డంచు అడ్డుగోడకి అవతల యాభై అడుగుల లోతు. ఓర్విల్ ముక్కు మరింత ఎర్రబడింది.

"ఈ కొండ ఎన్నాళ్లకోసారి దిగుతారు?"

"రోజూ. ఆర్గన్ సాధనకి. చర్చి కిందే కదా."

"నేను చెప్పేదాకా దిగొద్దు. ఎవరడిగినా జలుబు చేసిందనండి."

ఐలీ ఇంటి వాకిట్లో ఆయన కారు కిందికి దూరి, టార్చి వేసుకుని చాలాసేపు పడుకున్నాడు. మంచుముద్దలా లేచి వచ్చి, "ఇరుసుకీ బాడీకీ మధ్య వేలు పట్టేంత చోటు కూడా లేదు," అని మాత్రం అన్నాడు. తర్వాత డిక్కీ తెరిపించాడు. చలికాలం ఇక్కడ అందరి డిక్కీల్లో ఉన్నట్టే నాలుగు ఇసుక బస్తాలు, ఒక్కోటీ అరవై పౌండ్లు. వెనక చక్రాలు మంచు మీద జారకుండా బరువు. నవంబరులో రైనో వేసి పెట్టాడట. మూత బరువుగా ఉంటుందని ఐలీ మళ్లీ డిక్కీ జోలికే పోలేదు, సామాను వెనక సీట్లో పెట్టుకుంటుంది.

"ఒకటి నొక్కి చూడు సిల్వీ. నీ కారులో బస్తా ఎలా ఉంటుంది?"

"బండరాయిలా. ఏప్రిల్ దాకా అంతే." నొక్కింది. వేళ్లు లోపలికి దిగబడ్డాయి. బయట చలి సున్నాకి పది కింద. సిల్వీ తెల్లబోయి ఆయన వంక చూసింది.

ఓర్విల్ బస్తా నేతలో ఇరుక్కున్న చిన్న ఎండుటాకు ముక్కని గోటితో లాగి, వాసన చూసి, కవరులో వేసుకున్నాడు. జనవరిలో, మూడడుగుల మంచు మీద, బర్చ్ చెట్టు ఆకు.

"ఒడ్డున ఆ సౌనా ఎవరిది?" అని అడిగాడు. కారు షెడ్డుకి ఇరవై అడుగుల దూరంలో ఆవిరి స్నానానికి కట్టిన చిన్న చెక్క గది, గొట్టంలోంచి పొగ.

"రైనోది. వాళ్ల నాన్న కట్టాడు. నిజానికి నా స్థలంలోనే ఉందిలెండి, ఎవరు పట్టించుకున్నారు. బూట్లు ఆరడానికి రోజూ పొయ్యి వెలిగిస్తాడు. శనివారం శనివారం ఇద్దరం స్నానానికి వెళ్తాం, ముందు నేను, తర్వాత అతను. నలభై ఏళ్లుగా."

మెకానిక్ వెండెల్ మండిపడుతూనే మాట్లాడాడు. లిఫ్ట్ ఎక్కించి స్ప్రింగులు, బేరింగులు, టైర్లు అన్నీ చూశానని, రోడ్డు మీద నడిపి చూశానని, తన పని మీద మచ్చ పడితే ఊరుకోనని అన్నాడు. డిక్కీ సంగతి అడిగితే, "ఖాళీ. మూడుసార్లూ ఖాళీయే. జనవరిలో ఇసుక లేకుండా ఆ పాత బండి నడుపుతోందంటే నిజంగానే మతి పోయిందనుకున్నా," అన్నాడు.

హైవే పక్క మోటెల్లో డేల్ వీళ్లని కూర్చోమనలేదు. అత్తకి పిచ్చి కాకపోతే లక్షణమైన ఒడ్డు స్థలాన్ని చర్చి పిల్లల శిబిరానికి రాసిస్తానంటుందా అని అడిగాడు. హోరు గురించి ఎలా తెలిసిందంటే రైనో ఫోన్ చేశాడన్నాడు. రెండుసార్లూ తను వస్తున్నట్టు ముందే రైనోకి చెప్పాడట. సౌనా మాట ఎత్తితే మొహం చిట్లించాడు. ఆ వేడికి గుండె దడ వస్తుందని చిన్నప్పటి నుంచీ అందులో అడుగే పెట్టలేదట.

"వీడే సార్," అంది సిల్వీ మెట్లు దిగుతూ. "మొహం చూస్తేనే తెలుస్తోంది."

"మొహం చూసి పట్టేస్తే నీకూ నాకూ జీతం దండగ," అన్నాడు ఓర్విల్.

శనివారం మధ్యాహ్నం అందరూ వెండెల్ షెడ్డులో చేరారు. డేల్ గడియారం చూసుకుంటున్నాడు. రైనో ఐలీకి కుర్చీ వేసి, శాలువా సర్ది, వెనక నిలబడ్డాడు. అరవై మూడేళ్ల దిట్టమైన మనిషి, మెత్తని గొంతు. గుమ్మం బయట షెరీఫ్ ఆఫీసు పోలీసు జవాను ఒకడు కాఫీ తాగుతున్నాడు, ఊరికే ఆగినట్టు.

ఓర్విల్ ముందు ఇసుక లేకుండా కారు తిప్పించాడు. వెండెల్ నడిపాడు, డేల్ పక్కన కూర్చున్నాడు. నిశ్శబ్దం. "చూశారా?" అన్నాడు డేల్. అప్పుడు ఓర్విల్, సిల్వీ కలిసి నాలుగు బస్తాలూ డిక్కీలో వేశారు. మళ్లీ తిప్పారు. తిరిగి వచ్చేసరికి డేల్ మొహంలో నెత్తురుచుక్క లేదు. కారు దిగి తిన్నగా వెళ్లి అత్త ఎదుట నిలబడ్డాడు.

"వెండెల్, ఇప్పుడు లిఫ్ట్ ఎక్కించకు. నేల మీదుండగానే చూడు," అన్నాడు ఓర్విల్.

వెండెల్ కింద దూరాడు. బూతు ఒకటి వినిపించింది. తర్వాత బస్తాలు దింపించి, బండి ఎత్తి, ఉలితో రెండు వైపులా పెకలించి, అరచేతిలో రెండు నల్లటి బిళ్లలు పట్టుకొచ్చాడు. ఐస్ మీద హాకీ ఆడే రబ్బరు బిళ్లలు.

"ఇరుసు మరీ పైకి లేస్తే ఆపడానికి పైన రబ్బరు దిమ్మలుంటాయి," అన్నాడు ఓర్విల్. " వాటి కింద వీటిని అంటించారు. లిఫ్ట్ ఎక్కిస్తే ఇరుసు కిందికి వేలాడుతుంది, నల్లటి దిమ్మ మీద నల్లటి బిళ్ల, పైన ఉప్పుబురద. ఎవరి కంటికీ ఆనదు. ఖాళీ బండిలో ఇరుసు వీటిని తాకదు. రెండొందల నలభై పౌండ్లు వెనక పడితే తాకుతుంది. అప్పుడు స్ప్రింగు ఉన్నా లేనట్టే. రోడ్డు చప్పుడంతా నేరుగా మనిషి ఒంట్లోకి. ఇసుక ఉంటే హోరు, తీసేస్తే లేదు. ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు ఇసుక ఉంది. సాక్షులు ఎక్కినప్పుడల్లా తీసేశారు."

"ఈ ఊళ్లో హాకీ బిళ్ల లేని ఇల్లుందా?" అన్నాడు రైనో నెమ్మదిగా.

"లేదు. అందుకే బిళ్లల్ని వదిలేశాను. బస్తాల సంగతి చూద్దాం. ఇసుకలో తడి ఉంటుంది కాబట్టి చలికి గడ్డకడుతుంది. ఐలీ గారి ఇసుక గడ్డకట్టలేదు, ఎందుకంటే అది ఎండిపోయింది. తీసినప్పుడల్లా దాన్ని సౌనాలో, వేడి పొయ్యి దగ్గర దాచారు. ఆ గదిలో స్నానానికి ఒళ్లు చరుచుకునే బర్చ్ కొమ్మల కట్టలు వేలాడుతుంటాయి." కవరులోంచి ఆకు తీసి బల్ల మీద పెట్టాడు. "మంచులో పడేస్తే సరిపోయేది. కానీ ఇక్కడి మనిషి మంచులో వస్తువు వదలడు, నేలకి అతుక్కుపోతుందని. ఆ అలవాటే నిన్ను పట్టించింది రైనో."

"నాకు నడుం నొప్పి. అరవై పౌండ్లు ఎలా ఎత్తుతాను?"

"వాకిట్లో మంచు ఎత్తిన నడుమే కదా."

ఐలీ వెనక్కి తిరగలేదు. శాలువా మీద ఉన్న అతని చెయ్యి మాత్రం మెల్లగా తప్పుకుంది.

"మా నాన్న కట్టిన సౌనా అక్కా," అన్నాడు రైనో చివరికి. "నేను అందులోనే పుట్టాను. శిబిరం వస్తే కూల్చేస్తారు. డేల్ చేతికి వస్తే నాకు అమ్ముతానన్నాడు. నీకు మతి పోయిందని అనిపిస్తే చాలనుకున్నా. హోరు కోసమే. నీకు దెబ్బ తగలాలని కాదు."

ఓర్విల్ గొంతు పెంచలేదు. "నీకు నడుం నొప్పి నవంబరులోనే ఎందుకొచ్చింది రైనో? నలభై ఏళ్లు ఆవిడ పక్కన కూర్చుని ఆ కొండ దిగావు. బిళ్లలు పెట్టిన వారం నుంచి ఆ కారు ఎక్కడం మానేశావు. మలుపులో ఏమవుతుందో నీకు తెలుసు."

రైనో నేల చూశాడు.

ఐలీ చేతిసంచి తెరిచి మడత కాగితాలు తీసింది. "చర్చికి రాసిన దస్తావేజు నకలు. మూడో పేజీ చదువు," అని అతని చేతిలో పెట్టింది. అతను కళ్లజోడు కోసం జేబులు తడుముకున్నాడు. ఆవిడే చెప్పింది. "సౌనా, దానికి వెళ్లే దారి, రైనో కాంగస్‌వి. అతని తర్వాత అతని పిల్లలవి. డిసెంబరులోనే రాయించా. ఫిబ్రవరిలో నీ పుట్టినరోజుకి ఇద్దామని దాచా. అడిగుంటే ఆ రోజే చెప్పేదాన్ని కదరా."

అతను ఆ కాగితాలు బల్ల మీద పెట్టి, టోపీ తీసుకుని, జవాను ఉన్న వైపు తనంతట తానే నడిచి వెళ్లాడు. డేల్ అర్జీ వెనక్కి తీసుకుంటానని రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ ఐలీ తల ఊపింది.

ఇంటికి ఆవిడే నడిపింది, సిల్వీ పక్కన కూర్చుంది. డిక్కీలో ఇసుక ఉంది. బ్రిగ్స్ కొండ మలుపులో కారు దారి పట్టుకుని మెత్తగా తిరిగింది, హోరు లేదు. గెలిచినందుకు ఏమైనా అంటుందేమోనని సిల్వీ చూసింది. ఐలీ రోడ్డే చూస్తూ నడిపింది.

వాకిట్లో ఇంజను ఆపాక కూడా దిగలేదు. సౌనాకి వెళ్లే వేళ అయింది. ఒడ్డున పొగగొట్టం నల్లగా, చల్లగా నిలబడి ఉంది.

"శనివారం," అంది ఐలీ. ఇంకాసేపు అలాగే కూర్చుని, రైనో ఇంటి వైపు చెవి పెట్టి వింది.