అభయపట్టీ

మనుషులు బండి తోలడం మానేసి అప్పటికి చాలాకాలమైంది. లారీలు, బస్సులు, సందుల్లో తిరిగే ఆటోలు అన్నీ స్వయంచోదకాలే. జగిత్యాలలో ఏళ్ల తరబడి లారీ తోలిన స్వరూప ఆ దెబ్బకే ఇంట్లో కూర్చుంది. అందుకే "విదేశంలో ఉద్యోగం, మనిషి డ్రైవర్లు కావలెను" అన్న ప్రకటన చూసి మొదట నవ్వుకుంది. మర్నాడే హైదరాబాదు వెళ్లి పరీక్షలో నెగ్గింది.

ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఒక దీవిలో బ్యాటరీలకు పనికొచ్చే ఖనిజం బయటపడింది. దాన్ని రేవుకు చేర్చాలంటే గడ్డకట్టిన సముద్రం మీద వేసిన హిమపథం ఒక్కటే దారి. స్వయంచోదకాలు అక్కడికి వచ్చి మొరాయించాయి. ప్రతి యంత్రంలోనూ 'ముప్పు హద్దు' ఒకటి ఉంటుంది. అది దాటితే బండి ఆగిపోవాలని చట్టం. మనిషికి మాత్రం ఏ చట్టమూ అలాంటి హద్దు పెట్టలేదు.

ఈ సంగతి స్వరూపకు మొదటిరోజే, తనకిచ్చిన ట్రక్కు ద్వారానే తెలిసింది.

"ముందు మంచు పలచగా ఉంది. ముప్పు హద్దు దాటింది. నేను నడపను," అంది ట్రక్కు.

"నడపకుంటే నిన్నేమంటరు?"

"ఏమీ అనరు. స్టీరింగ్ మీకు అప్పగిస్తారు."

"మరి నేను నడపనంటే?"

"ఆ ప్రశ్నకు నా దగ్గర సమాచారం లేదు."

ఆ సమాచారం మేనేజర్ ముకుందరావు దగ్గర ఉంది. నడపనన్నవాళ్లు ఇంటికి పోవాలి. పోవాలంటే పాస్‌పోర్టు కావాలి. శిబిరంలో అందరి పాస్‌పోర్టులూ ఆయన గదిలోని ఇనప్పెట్టెలో ఉన్నాయి. నంద్యాల నుంచి వచ్చినా, నేపాల్ నుంచి వచ్చినా, కెన్యా నుంచి వచ్చినా ఆయన బూట్ల చప్పుడు వింటే చాలు, డ్రైవర్లు మాటలు ఆపేసేవారు. అయినా మంచు పెళపెళమన్నప్పుడు మాత్రం ఆయన మీది భయం కన్నా నీళ్ల భయమే గెలిచేది. బండ్లు నడిదారిలో ఆగిపోయేవి.

ఆ భయానికి విరుగుడుగా కంపెనీ అభయపట్టీని తెప్పించింది. దాన్ని తయారుచేసిన డాక్టర్ మృణాళినే వచ్చి డ్రైవర్లకు వివరించింది.

"మెదడులో అమిగ్డలా అని బాదంగింజంత భాగం ఉంటుంది. ప్రమాదం కనబడగానే అది గంట కొడుతుంది. నుదుటికి చుట్టుకునే ఈ పట్టీ ఆ సంకేతాన్ని అక్కడే అణిచేస్తుంది. చూపు, వినికిడి, తెలివి అన్నీ మామూలుగానే ఉంటాయి. భయం ఒక్కటే ఉండదు."

"మీరు పెట్టుకున్నరా మేడం?" అడిగింది స్వరూప.

"ల్యాబ్‌లో చాలాసార్లు."

"మంచు మీద?"

మృణాళిని పట్టీలు పంచడం మొదలుపెట్టింది.

నిజంగానే భయం పోయింది. పాటలు పాడుకుంటూ బండ్లు తోలారు. వేసవి వచ్చి సూర్యుడు అస్తమించడం మానేసి, మంచు పలచబడ్డాక కూడా అలాగే తోలారు. ఒకరోజు స్వరూప ముందు వెళ్తున్న నంద్యాల దావూద్ గొంతు రేడియోలో వినిపించింది.

"అక్కా, మంచు పగుల్తా ఉంది. కింద నీళ్లు సూడు, ఎంత నీలంగా ఉండాయో!"

"అవునా," అంది స్వరూప తాపీగా. బ్రేకు వేయాలని తెలివి చెప్పింది కాబట్టి వేసింది. దావూద్ ట్రక్కు ఆమె కళ్లముందే మునిగింది.

తాళ్లు వేసి అతన్ని పైకి లాగారు. చేతులు రెండూ కొయ్యబారిపోయాయి. "నా చేతులు పోయినట్టుండాయి అక్కా," అన్నాడు నవ్వుతూ. స్వరూప అతని నుదుటి మీది పట్టీ లాగేసింది. అప్పుడు అరిచాడు దావూద్. ఆ అరుపేమిటో తెలుసుకోవాలని తన పట్టీ కూడా తీసేసింది. అక్కడే మంచు మీద కూలబడింది.

మర్నాడు పొద్దున మళ్లీ బండ్లు కదలాలని ఆజ్ఞ వచ్చింది. స్వరూప మంచం మీద కూర్చుని పట్టీని చేతిలో చాలాసేపు తిప్పింది. తరువాత తోటి డ్రైవర్లందరినీ పిలిచింది.

"ఇది పెట్టుకుంటే మంచుకొక్కదానికే భయపడమా? పెట్టుకొని రాండ్రి నాతోని."

అందరూ ముకుందరావు గదిలోకి నడిచారు. మృణాళిని అక్కడే ఉంది.

"మా పాస్‌పోర్టులు మాకియ్యుండ్రి సార్. బండ్లు కదలయి," అంది స్వరూప.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసు. నిన్నటిదాక మిమ్మల్ని చూస్తే వణికినం. ఇయాల వణుకు వస్తలేదు. మీరు పెట్టిచ్చిన పట్టీల పుణ్యమే."

ముకుందరావు ముఖంలో కోపం కూడా లేదు. మృణాళిని వైపు తిరిగాడు.

"ఆపేయండి."

"విడివిడిగా ఆపలేం సార్. శిబిరం మొత్తానికి స్విచ్ ఒకటే. ఒక్కసారి ఆలోచించండి..."

"ఆపమన్నాను."

మృణాళిని ఆపేసింది.

స్వరూప నోరు ఎండిపోయింది. పని పోతే మళ్లీ ఎవరిస్తారు? ఇంట్లో ఏం చెప్పుకోవాలి? ఇక్కడే ఏదో కేసు పెడితే అడిగే దిక్కెవరు? వెనక ఎవరో తలుపు వైపు అడుగు వేసిన చప్పుడైంది. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"పాస్‌పోర్టులు... ఇయ్యుండ్రి." గొంతు వణికింది. "బండ్లు కదలయి."

వెనక నుంచి ఎవరి భాషలో వాళ్లు అదే మాట అన్నారు. అందరి గొంతులూ వణుకుతూనే ఉన్నాయి.

ముకుందరావు ముఖం పాలిపోయింది. తడబడుతున్న చేతులతో ఉన్ని టోపీ తీశాడు. నుదుటి మీద అభయపట్టీ ఉంది.

"మొదటి పట్టీ పెట్టింది ఆయనకే," అంది మృణాళిని మెల్లగా. "డ్రైవర్లను పంపే ఆర్డరు మీద సంతకం చేస్తుంటే చెయ్యి వణుకుతోందని ఆయనే అడిగారు."

కిటికీలోంచి సముద్రం కేసి చూస్తూ ముకుందరావు అడిగాడు: "ఆ అబ్బాయి... బతికున్నాడా?"

"ఉన్నడు. చేతులే పోయినయి."

ఆయన ఇనప్పెట్టె తెరవబోతే తాళాలు రెండుసార్లు జారి కిందపడ్డాయి.

దావూద్‌ను తీసుకెళ్లిన విమానంలోనే ముకుందరావు కూడా వెళ్లిపోయాడు. మృణాళిని ఆ స్విచ్ మళ్లీ వేయలేదు. కొందరు డ్రైవర్లు ఇంటిదారి పట్టారు. స్వరూప మాత్రం పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని అక్కడే ఉండిపోయింది. తోలడం తనకు వచ్చిన పని, ఆ పనిని వదిలి పారిపోవాలని అనిపించలేదు.

చలి ముదిరి సముద్రం మళ్లీ గడ్డకడుతుండగా కొత్త మేనేజర్ వచ్చాడు. దీవిలో సరుకు పేరుకుపోయిందని, ఆ రోజే బండ్లు తీయాలని హుకుం వేశాడు. స్వరూప బయటికి వెళ్లి మంచు మీద కాస్త దూరం నడిచింది. ఎక్కడో అడుగున సన్నగా చిటచిటమంది. గుండె దడదడలాడుతుండగా తిరిగి వచ్చింది.

"పోము సార్."

"భయమా?" అన్నాడతను ఎగతాళిగా.

"అవును, భయమే," అంది స్వరూప అతని కళ్లలోకి చూస్తూ. "అందుకే చెప్తున్న. పోము."